ఉప్పు లేని వారం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న మా తమ్ముడు సూరి టాటానగర్‌లోనే ఆ చివర ఉన్న బిర్సానగర్ నుంచి స్కూటర్ మీద సోనారిలో మా ఇంటికి వచ్చాడు. వాడు రావడం కొత్త కాదు గానీ, వచ్చినవాడు ఫ్యాను కింద కూలబడి మంచినీళ్ళు అడగకుండా తిన్నగా వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "అక్కా, ఒక వారం నీ ఇంటికాడే తింతాను. ఉప్పు మాత్రం ఎయ్యకు" అన్నాడు. వాడి పెళ్ళాం కూతురి పురుడని రాయపూర్ వెళ్ళి ఉంది కాబట్టి తిండి మాట నాకు వింతగా లేదు. ఉప్పు మాటే వింత. పెరుగన్నంలో కూడా ఆవకాయ ఊట కలుపుకునే మనిషి ఉప్పు వద్దంటున్నాడంటే ఏదో ఉండాలి.

"ఏటయిందిరా?" అన్నాను.

"ఏటీ అవ్వలేదు. వేన్ లైసెన్స్ రెన్యూ సేయించాల. డాక్టర్ సర్టిఫికెట్ మాంగ్తే హైఁ, అది లేందే అవ్వదంట. నిన్న మందుల షాపులో బీపీ సూయించినాను, తోడా జ్యాదా ఉన్నాదన్నాడు. వారం రోజులు నమక్ బంద్ సేత్తే సబ్ ఠీక్ అయిపోద్ది. మన నాన్న సేసేవోడు కాదేటి, మెడికల్ వారం? యాద్ నేదా నీకు?"

సూరికి యాభై దాటి చాలా ఏళ్ళయింది. ఎంతోకాలం క్రేన్ నడిపాడు. అది మానేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక బడిపిల్లల వేన్ పట్టాడు. పొద్దున్నే సందు సందూ తిరిగి చిన్న క్లాసుల పిల్లల్ని ఎక్కించుకుంటాడు. మధ్యాహ్నం మళ్ళీ దింపుతాడు. వేన్ అంటే వాడికి ప్రాణం, ఆ పిల్లలంటే ఇంకా ప్రాణం. ఎవరు కిటికీ దగ్గర కూర్చోవాలో, ఎవరికి వాంతి వస్తుందో అంతా వాడికి తెలుసు. ఈ పనీ పోతే ఏం చెయ్యాలో వాడికి తెలీదు. ఆ భయమే వాడిని నా వంటింటి గుమ్మం దాకా తెచ్చింది.

మెడికల్ వారం నాకు యాద్ లేకపోవడం ఏమిటి. వాడికంటే నాకే బాగా గుర్తు. చివరిసారి మా ఇంట్లో ఆ వారం వచ్చినప్పుడు వాడు నిక్కరు జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లాడు. నేను చీర కట్టడం నేర్చుకుంటున్న పిల్లని. వాడికి గుర్తున్నది వారం అయ్యాక వచ్చే పండగ. నాకు గుర్తున్నది ఆ చివరి వారం, దాని తరవాత మా ఇల్లు నడిచిన తీరు. అదంతా వాడికి ఎప్పుడూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ రోజు నేను చెప్పాను. చెప్పినదాన్నే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మేము టాటానగర్ స్టేషను అవతల రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరసలో సగం ఇళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళవే, అందులో ఎక్కువమంది ఇంజన్ల మీద పనిచేసేవాళ్ళు. నాన్న ఆవిరి ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మేన్‌గా చేరి, గూడ్సు డ్రైవరై, అప్పటికి ప్యాసింజరు బండి నడుపుతున్నాడు. ఇంకొక్క మెట్టు ఎక్కితే మెయిల్ డ్రైవరు. మా వరసలో మెయిల్ డ్రైవరంటే ఇప్పటి వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. పెళ్ళిళ్ళలో ముందు బంతిలో కూర్చోబెట్టేవాళ్ళు, పంచాయితీ వస్తే పిలిచేవాళ్ళు. మెయిల్ నడిపే గవరయ్య తాత రిటైరయిన రోజున ప్లాట్‌ఫారం మీద బాజాలు వాయించారు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి బూట్లకి రెండుసార్లు పాలిష్ పెట్టుకున్నాడు.

ఇంట్లో వంట గడియారాన్ని బట్టి జరిగేది కాదు. కాల్‌మేన్‌ని బట్టి జరిగేది. డ్యూటీకి రమ్మని పిలుపు పుస్తకం పట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడతను. బయట బెల్లు వినబడితే అమ్మ నాన్నని లేపకముందే పొయ్యి రాజేసేది. నాన్న సంతకం పెట్టి స్నానానికి వెళ్ళేసరికి అన్నం వార్చడం అయ్యేది. క్యారేజీలో అడుగున అన్నం, దాని మీద పప్పు, పైగిన్నెలో వేయించిన ఎండు నెత్తళ్ళు, ఒక మూల ఆవకాయ. ఇనప లైన్ బాక్సులో జెండాలు, టార్చిలైటు, రైల్వే రూల్సు పుస్తకాల పక్కన ఆ క్యారేజీ సర్దేవాళ్ళం. డ్యూటీ దిగి వచ్చాక ఆ పెట్టె తెరిస్తే గ్రీజు, బీడీ, ఎండుచేప కలిసిన వాసన కొట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా గ్రీజు వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది. మా ఆయన దీనికి నవ్వుతారు.

ఇంజను మీద ఎక్కేవాళ్ళకి కొన్నేళ్ళకొకసారి మెడికల్ ఉంటుంది. కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, రక్తపోటు చూస్తారు. తప్పితే బండి దింపేస్తారు. అందుకని మా వరసలో ఒక ఆచారం ఏర్పడిపోయింది. మెడికల్‌కి రమ్మని కాగితం వచ్చిన ఇంట్లో ఆ ముందు వారమంతా ఉప్పు డబ్బా అటక ఎక్కేది. ఇంటాయన ఒక్కడే చప్పిడి తింటే పక్క కంచాలు చూసి మనసు లాగుతుందని ఇల్లంతా చప్పిడి తినేవాళ్ళం. చప్పిడి పప్పు, చప్పిడి చారు, ఉడకేసిన సొరకాయ. పొద్దున్నే పచ్చి వెల్లుల్లి, మునగాకు రసం. బీడీ బందు, టీ బందు. పక్కిళ్ళ వాళ్ళు కూడా ఆ వారం ఎండుచేపలు వేయించేవాళ్ళు కాదు, వాసన వస్తే మావాళ్ళు ఆగలేరని. ఎదురింటి సింహాచలం మావ, ఆయనా డ్రైవరే, రోజూ సాయంత్రం వచ్చి నాన్న మొహం చూసి, "బావా, నిగ్గు తేలినావు. ఇంక ఢోకా నేదు" అని భరోసా ఇచ్చి పోయేవాడు. ఆయన వంతు వచ్చినప్పుడు నాన్న వెళ్ళి అదే మాట చెప్పేవాడు.

దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. అనుకోకపోవడానికి కారణం ఉంది. పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే స్టేషనంతా ముందు వారం నుంచి ఇదే పని. ప్లాట్‌ఫారం అంచు రాళ్ళకి సున్నం కొట్టేవాళ్ళు, బకెట్లకి ఎర్ర రంగు వేసేవాళ్ళు, ఇంజను ఇత్తడి తళతళలాడేలా తోమేవాళ్ళు. ఆఫీసరు చూసి తలాడించి వెళ్ళిపోయేవాడు. మర్నాటి నుంచి మామూలే. ఒంటిని కూడా అలాగే తోమి చూపించాలని మావాళ్ళకి తోచింది. పాసయి వచ్చిన రోజున వరసంతా తెలిసిపోయేది, వాసనని బట్టి. ఉప్పుచేప పులుసు, వేపుడు నెత్తళ్ళు, కొత్త ఆవకాయ జాడీ, చింతకాయ పచ్చడి, అప్పడాలు. సూరి చెప్పే పండగ అదే. ఆ రోజు పిల్లలం చేతికి అంటిన ఉప్పుకారం కూడా నాకేవాళ్ళం.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో. కానీ అమ్మకి ఆ ఏడు కళ్ళు తిరగడం మొదలైంది. జుగ్సలాయిలో ఒక బెంగాలీ డాక్టరమ్మ ఉండేది, ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే వెళ్ళేవాళ్ళు. నాన్నకి ఆ రోజు విశ్రాంతి. తోడు వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. అమ్మకి రక్తం తక్కువని టానిక్కు రాసింది. రాస్తూ రాస్తూ నాన్న వైపు చూసి, మొహం అంత ఎర్రగా ఉందేమిటి, పొద్దున్న లేవగానే తల వెనక నొప్పి వస్తుందా అని హిందీలో అడిగింది. నాన్న లేదన్నాడు. "వత్తాది" అంది అమ్మ. డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచింది. ఆయన్ని కుర్చీలో ఆనుకుని కూర్చోమంది. కాళ్ళు నేలకి ఆనించమంది. నోరు విప్పవద్దంది. ఈలోగా ఇంకొకామెని చూసి పంపి, వచ్చి మళ్ళీ కొలిచింది. రెండో చేతికి కూడా కొలిచింది. మూడుసార్లూ పై అంకె నూట ఎనభైకి అటూ ఇటూనే ఉంది.

నాన్న వెంటనే లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చానన్నాడు. నిద్ర లేదన్నాడు. ఇప్పుడే టీ తాగానన్నాడు. డాక్టరమ్మ అన్నిటికీ తలూపింది. టీ తాగినా, బీడీ కాల్చినా, నడిచి వచ్చినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది, నిజమే, అందుకని ఒక్క రోజు కొలతతో తేల్చకూడదు, వారం పాటు రోజూ వచ్చి చూపించుకో, మామూలుగా తింటూ మామూలుగా ఉంటూ చూపించుకో అంది. ఆ 'మామూలుగా' అనే మాట అమ్మ పట్టుకుంది. నాన్న మళ్ళీ ఆ వీధి తొక్కలేదు. కొన్నాళ్ళకే మెడికల్ కాగితం వచ్చింది. ఈసారి పాసయితే మెయిల్‌కి పేరు వెళుతుందని సింహాచలం మావ కబురు కూడా తెచ్చాడు.

కాగితం వచ్చిన మర్నాడు అమ్మ ఉప్పు డబ్బా అటక ఎక్కించలేదు. రోజూలాగే పప్పులో ఉప్పు వేసింది. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఏటే ఇది? మర్సిపోనావా?"

"మర్సిపోనేదు. ఈసారి ఉప్పేసే వండుతాను."

"మతి గాని పోయిందేటి? మెడికల్ ఉన్నాది నాకు."

"అందుకే. రోజూ తిన్నదే తిని ఎల్లు. ఏటుంటే అదే సూత్తారు. పేలేట్‌ఫారం రాళ్ళకి సున్నం కొట్టినట్టు నెత్తురికి కొడతావేటి?"

నాన్న కంచం నెట్టేశాడు. ఆయన గొంతు పెద్దది, ఇంజను మోతలో మాట్లాడి మాట్లాడి అలా అయిపోయింది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు. దానికి ఇంకా భయం వేసింది నాకు. "పదేనేళ్ళు బొగ్గు కొట్టినాను. ఇప్పుడు మెయిల్ సేతికొచ్చే యేళకి నువ్వు అడ్డం పడతావా? నన్ను బండి దింపీసి ఏటి సేద్దామని?"

"నీ పానం గురించి అంటే ఇనవు. నీ ఎనక బండిలో ఉన్నోళ్ళకి కూడా పెళ్ళాలున్నారు, పిల్లలున్నారు. ఆళ్ళు నీ మెడికల్ సూసి ఎక్కరు. నిన్ను నమ్మి ఎక్కుతారు" అంది అమ్మ. అని తన కంచంలో తను వడ్డించుకుంది. నాకూ సూరికీ వడ్డించింది. మేము తలెత్తకుండా తిన్నాం.

రెండు రోజులు నాన్న పంతం పట్టాడు. అమ్మ వండినవి ముట్టుకోలేదు. ఉత్త అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాడు. సింహాచలం మావ తన ఇంట్లో చప్పిడి వండించి పెడతానన్నాడు. దానికి ఆయన భార్య, మా అత్త, ఒప్పుకోలేదు, అమ్మ వైపు నిలబడింది. మూడో రోజు నాన్న డ్యూటీకి వెళ్ళి సాయంత్రం వచ్చాడు. లైన్ బాక్సు వరండాలో పెట్టి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకున్నాడు. అమ్మ పెరుగు గిన్నె తెచ్చి పెట్టింది. ఆయన దాన్ని పక్కకి జరిపి, నా వైపు చూసి, "పాపా, ఆవకాయ అట్రా" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెరుగు గిన్నె వెనక్కి తీసుకుంది. ఎందుకు మనసు మార్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యం మాకు లేదు. ఆ వారంలో మిగిలిన రోజులన్నీ ఆయన మామూలుగానే తిన్నాడు.

మెడికల్‌లో రక్తపోటు ఎక్కువ వచ్చింది. ఒకసారి చూసి తోసెయ్యకుండా కొన్నాళ్ళు రోజూ పిలిచి చూశారు. కూర్చోబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు. కళ్ళలోకి లైటు వేసి చూసి, ఆ పోటు వల్ల కంటి లోపల కూడా దెబ్బ తగిలిందన్నారు. నాన్నని బండి దింపి, డ్రైవర్లకి డ్యూటీలు వేసే గదిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఎవరు ఏ బండికో రాసి కాల్‌మేన్‌కి ఇచ్చే పని. అంటే అప్పటి నుంచి మా వరసలో ఇళ్ళకి వెళ్ళే పిలుపులన్నీ నాన్న చేతి రాతే, మా ఇంటికి మాత్రం పిలుపు రాదు. సింహాచలం మావ చప్పిడి తిని పాసయ్యాడు, ఆ పై ఏడు మెయిల్ ఎక్కాడు. మా లైన్ బాక్సు బీరువా మీదికి వెళ్ళింది. దాని మీద దుమ్ము పట్టకుండా అమ్మ ఒక పాత తువ్వాలు కప్పింది.

నాన్న అమ్మతో మాట్లాడడం మానేశాడు. ఆవకాయ అడిగి తిన్నది తనే, వెళ్ళి చూపించుకున్నది తనే. అయినా కోపం ఎవరో ఒకరి మీద ఉండాలి కదా, అమ్మ మీద పెట్టుకున్నాడు. ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "పాపా, మీ అమ్మకి సెప్పు, సబ్బు అయిపోనాది." "పాపా, మీ నాన్నకి సెప్పు, సబ్బు గూట్లోనే ఉన్నాది." ఇద్దరూ చేయి చాపితే అందేంత దూరంలో ఉండేవాళ్ళు. నవ్వు వచ్చేది కానీ నవ్వితే ఇద్దరూ నా మీద పడతారని ఊరుకునేదాన్ని.

మందులు మొదలుపెట్టాక రోజూ పోటు చూస్తూ ఉండాలన్నారు. అమ్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి కొలవడం నేర్చుకొచ్చింది. పాదరసం గొట్టం ఉన్న పాత మిషను ఒకటి, చెవుల్లో పెట్టుకునే గొట్టం ఒకటి కొనుక్కొచ్చింది. బడికి ఎక్కువ పోని మనిషి కాబట్టి అంకెలు కూడబలుక్కుని చదివేది. కానీ చెవి మాత్రం పాము చెవి. పట్టీలో గాలి కొట్టి మెల్లగా వదులుతూ ఉంటే ఎక్కడ టక్కుమని మొదటి చప్పుడు వినబడుతుందో అది పై అంకె. చప్పుడు ఎక్కడ ఆగిపోతుందో అది కింది అంకె. పొద్దున్న మాత్రకి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలదు, బిగుతుగా ఉంటే విప్పాలి, పట్టీ ఒంటికే తగలాలి. చెయ్యి గాల్లో వేలాడకూడదు, బల్ల మీద గుండె ఎత్తుకి ఉండాలి. బల్ల కొంచెం ఎత్తు తక్కువని చేతి కింద దుప్పటి మడిచి పెట్టేది. కొలిచే ముందు కాసేపు ఆయన్ని ఊరికే కూర్చోబెట్టేది. ఆ కాసేపు రేడియో కట్టెయ్యాలి, సూరి బయటికి పోవాలి, నేను చప్పుడు లేకుండా జడ వేసుకోవాలి. ఆ తరవాత ఒకసారి, కొద్దిగా ఆగి ఇంకోసారి.

అలా కూర్చోవడం నాన్నకి మొదట్లో చచ్చే చావుగా ఉండేది. మాట్లాడని భార్య పక్కన, కదలకుండా, ఆమె వేళ్ళు చేతి మీద పెట్టి నాడి వెతుకుతుంటే కూర్చోవాలి. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ ఉండేవాడు. కొన్నాళ్ళకి అంకె దిగింది. దిగగానే మాత్ర మానేస్తానన్నాడు, అదీ నాతోనే అన్నాడు. అమ్మ మిషను పెట్టె మూస్తూ, "పాపా, మీ నాన్ననడుగు. ఎత్తు మీద బండి ఆగినాదని బ్రేకు ఇప్పీసి దిగిపోతాడేటి?" అంది. ఆ మాట ఆయన భాషలో చెప్పిన మాట. ఆ రోజు మాత్ర వేసుకున్నాడు, ఆ తరవాత మానలేదు. ఉప్పు కూడా అమ్మ అప్పటి నుంచి వారానికో ఏడాదికో కాకుండా రోజూ కొంచెం కొంచెం తగ్గించింది. ఎప్పుడు తగ్గిందో మా నాలుకలకి తెలియలేదు.

ఒక పొద్దున్న బాగా గుర్తు. వాన పడి వెలిసింది. నాన్న బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గాలి కొట్టింది, చెవి గొట్టం ఆనించింది. అప్పుడు నాన్న క్యాలెండరు వైపు చూస్తూనే, నాకు కాదు, అమ్మకి చెప్పాడు.

"ఆ రోజు ఎల్లో సిగ్నలు నాకు కనబడనేదు."

అమ్మ చెయ్యి ఆగలేదు. "మాటాడకు. అంకె తప్పొత్తాది" అంది. పాదరసం దిగేదాకా చూసింది. గాలంతా వదిలేసింది. కాసేపు ఆగి రెండోసారి కూడా కొలిచింది. ఆయన మధ్యలో కదలలేదు. పట్టీ విప్పి, మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆయన ఎదురుగా పీట మీద కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు" అంది.

చెప్పాడు. పెరుగన్నం తిన్న మూడో రోజున, ఒక మలుపు తిరిగాక దూరాన ఉన్న సిగ్నలు మసకబారిపోయిందట. డ్రైవరు సిగ్నలు చూసి రంగు పైకి చెప్పాలి, పక్కవాడు దాన్నే మళ్ళీ చెప్పాలి. అన్నేళ్ళలో ఎప్పుడూ ముందు చెప్పింది నాన్నే. ఆ రోజు పక్కన కూర్చున్న కుర్రాడు పసుపు అన్నాక నాన్న బ్రేకు మీద చెయ్యి వేశాడు. బండి ఆగవలసిన చోటే ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరికీ తెలియలేదు కూడా. "నీ మాట సెవుల్లో ఉండిపోయింది. బండిలో ఉన్నోళ్ళకీ పెళ్ళాలున్నారని. మరేటి సెయ్యను?" అన్నాడు. నాన్న ఏడవడం నేను అప్పుడే చూశాను. అమ్మ లేచి వెళ్ళి టీ పెట్టింది. కొలవడం అయిపోయింది కాబట్టి టీ తాగొచ్చు. ఆ రోజు నుంచి సబ్బు ఎక్కడుందో నన్ను మధ్యలో పెట్టకుండానే మాట్లాడుకున్నారు.

నాన్న ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, సూరి పెళ్ళి చేశాడు, మనవల్ని చంకనేసుకుని స్టేషనుకి తీసుకెళ్ళి బళ్ళు చూపించాడు. మెయిల్ వెళ్ళిపోతుంటే ఇంజను వైపు చూసి ఊరుకునేవాడు. ఆ బాధ పోయిందని నేను చెప్పను. పోలేదు. సింహాచలం మావ రిటైరయిన రోజున బాజాలు వాయించారు. తరవాత ఎన్నాళ్ళో పట్టలేదు, ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. కుడి పక్క చచ్చుపడింది, మాట పోయింది. అత్త ఆయనకి చెంచాతో గంజి పోస్తుంటే నేను చూశాను. ఆయన మెడికల్‌లో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మిషను ఉంది. నాకూ ఉంది, పోటూ ఉంది. చెవి గొట్టం అక్కర్లేదు, మీట నొక్కితే అదే ఉబ్బుతుంది, అదే అంకె చూపిస్తుంది. కానీ కూర్చునే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన చలికాలం స్వెట్టరు చెయ్యి మీదే పట్టీ చుట్టి, ఫోనులో కొడుకుతో దెబ్బలాడుతూ కొలుచుకుంటాడు. ఎక్కువొచ్చిందని మిషనుని తిడతాడు. ఇంకొకామె నచ్చిన అంకె వచ్చేదాకా కొలిచి, వచ్చిన అంకె అందరికీ వాట్సాప్‌లో పంపుతుంది. అమ్మ ఉంటే వీళ్ళందరి రేడియోలూ కట్టేయించి కుర్చీల్లో కూర్చోబెట్టేది.

ఇదంతా చెప్పేసరికి సూరి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. తరవాత, "ఎల్లో సంగతి నాకెవ్వరూ సెప్పనేదు" అన్నాడు. అని వెంటనే తన లెక్కలు మొదలుపెట్టాడు. నాన్నది రైలు, నాది వేన్. స్పీడే ఉండదు. ఒక్క సర్టిఫికెట్ కోసం. ఆ తరవాత మందు వేసుకుంటాను, పక్కా అన్నాడు. నేను దెబ్బలాడలేదు. వారం నా ఇంట్లో తిను, రోజూ తినేదే తిను, పొద్దున్నా సాయంత్రం నేను కొలుస్తాను, చివర్న నువ్వే చూసుకుని నీకు తోచింది చెయ్యి అన్నాను. మూతి ముడిచాడు గానీ ఒప్పుకున్నాడు. వాడు లావు మనిషి, నా మిషను పట్టీ వాడి చేతికి చాలదు. చిన్న పట్టీ బిగించి కొలిస్తే లేని పోటు కూడా చూపిస్తుంది, వాడికి ఆ వంక దొరక్కూడదని పెద్ద పట్టీ తెప్పించాను.

వారమంతా వాడు కుర్చీలో కూర్చోవడం, నోరు మూసుకోవడం నేర్చుకోవడానికే సరిపోయింది. అంకె మాత్రం దిగలేదు. నూట డెబ్బై దరిదాపుల్లోనే తచ్చాడింది. వారం చివర్న పొద్దున్న, వేన్ తియ్యడానికి వెళ్ళేముందు వచ్చాడు. కొంతసేపు ఊరికే కూర్చోబెట్టాను. చేతి కింద మడిచిన దుప్పటి ఏమీ లేదు, నా బల్ల ఎత్తు సరిపోతుంది. పట్టీ చుట్టి మీట నొక్కాను. అది ఉబ్బుతూ ఉండగా వాడు, "అక్కా, వేన్ ఆపీమంటావేటి, మరి ఆ పిల్లలు—" అన్నాడు.

"మాటాడకు" అన్నాను.

అంకె వచ్చింది. నేను చదవలేదు, మిషను వాడి వైపు తిప్పాను. వాడు దాని వైపు చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు సెప్పు" అన్నాను.

వాడు జేబులోంచి ఫోను తీసి బడికి చేశాడు. "మేడమ్, సూరీ బోల్ రహా హూఁ. ఆజ్ సే కుఛ్ దిన్ దూస్‌రా డ్రైవర్ భేజియే. హాఁ, తబియత్ ఠీక్ నహీఁ హై. వో పీలీ బోతల్‌వాలీ బచ్చీ కో ఖిడ్కీ కే పాస్ బిఠానా, ఉల్టీ హోతీ హై ఉస్కో." కొన్నాళ్ళు వేరే డ్రైవరుని పంపమనీ, పసుపు సీసా పిల్లకి వాంతి వస్తుంది కాబట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టమనీ చెప్పి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, తల వంచుకుని, పట్టీ విప్పబోయాడు.

"ఉండు. కాసేపాగి రెండోసారి సూడాల" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుని చెయ్యి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. ఈసారి మాట్లాడలేదు.